టెక్సస్‌లో యాక్సిడెంట్ రిపోర్టు: 6 డాలర్ల కాగితంతో నా పన్నెండేళ్ల అనుభవం

ఫోన్‌కి, మిక్సీకి రివ్యూ రాస్తారు గానీ పోలీసులు రాసే యాక్సిడెంట్ రిపోర్టుకి రివ్యూ ఏమిటని మా ఆవిడ నవ్వింది. డాలస్ చుట్టుపక్కల పన్నెండేళ్లుగా ఉంటున్నాం. మా కోసం, స్నేహితుల కోసం కలిపి ఇప్పటికి ఐదు రిపోర్టులు కొన్నాను. ఆరోది కొనాలనుకున్నా అసలు రిపోర్టే లేదు. ఇన్నిసార్లు డబ్బు కట్టాక రివ్యూ రాయడానికి అర్హత వచ్చేసినట్టే కదా.

చాలామంది అడిగేది ధరే కాబట్టి ముందు అదే చెబుతాను. టెక్సస్ రవాణా శాఖ, అందరూ టీఎక్స్‌డాట్ అంటారు, వాళ్ల సైట్‌లో మామూలు కాపీ 6 డాలర్లు, సర్టిఫైడ్ కాపీ 8. ఈ రేటు ఏ గుమాస్తానో పెట్టింది కాదు, రాష్ట్ర రవాణా చట్టంలోనే రాసి ఉంది: కాపీకి 6 డాలర్లు లేదా అసలు ఖర్చు, ఏది తక్కువైతే అది, సర్టిఫై చేస్తే ఇంకో 2. నేను మొదటిది కొన్నప్పుడూ ఆరే, ఆఖరిది కొన్నప్పుడూ ఆరే. ఇన్నేళ్లలో గుడ్ల ధర, ఇన్సూరెన్స్ ప్రీమియం ఎక్కడికి పోయాయో చూసినవాళ్లకి ఇది వింతే.

మొదటి రిపోర్టు 2014 నాటిది. ఇర్వింగ్‌లో నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, నా దగ్గర సెకండ్ హ్యాండ్ కరోలా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి పికప్ ట్రక్కు వచ్చి గుద్దింది. పోలీసాయన వచ్చి, రాసుకుని, కేసు నంబరున్న చిన్న చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ చీటీయే రిపోర్టు అనుకుని వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. అసలు రిపోర్టు వేరే ఉంటుందని, దాన్ని సీఆర్-3 అంటారని, యాక్సిడెంట్ అయిన పది రోజుల్లోగా ఆయన దాన్ని రాష్ట్రానికి పంపాలని ఒక రూమ్మేట్ చెప్పాడు. పోస్టులో తెప్పించుకోవాలంటే సీఆర్-91 అని ఒక ఫారం నింపి చెక్కో మనీ ఆర్డరో జతచేసి రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కి పంపాలి. నాకు చెక్‌బుక్ లేదు. కిరాణా స్టోర్‌లో మనీ ఆర్డర్ తీసుకుని పంపించి, రోజూ మెయిల్‌బాక్స్ తెరిచి చూసేవాణ్ణి. వారాలు పట్టింది. ఆ తర్వాత మళ్లీ పోస్టు జోలికి పోలేదు. ఆన్‌లైన్‌లో కార్డుతో కడితే అప్పటికప్పుడే పీడీఎఫ్ దిగుతుంది.

కవరు చించి చూస్తే తల తిరిగింది. కాగితం నిండా గళ్లు, గళ్ల నిండా అంకెలు. నా కారు గడిలో 6-బీడీ-3 అని ఉంది. వాటి అర్థాలన్నీ ఉన్న కోడ్ షీట్ టీఎక్స్‌డాట్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, పక్కన పెట్టుకుని చదివాను. గడియారం ముల్లులా చూస్తే దెబ్బ ఆరు గంటల వైపు నుంచి, అంటే వెనక నుంచి తగిలింది. బీడీ అంటే వెనక భాగమంతటా పరుచుకున్న దెబ్బ. మూడు అనేది తీవ్రత, సున్నా నుంచి ఏడు దాకా ఉండే కొలతలో. అవతలి ట్రక్కు వరుసలో కారణాల గడి ఉంది, అందులో 22. వేగాన్ని అదుపు చేయలేకపోయాడని దాని అర్థం. ఆ గడిలో రెండు భాగాలుంటాయి: ఒకటి కారణమైనవి, రెండోది కారణమై ఉండొచ్చు అనేవి. పైన ఇది దర్యాప్తు చేసిన అధికారి అభిప్రాయం అని కూడా ఉంటుంది. మొత్తం రిపోర్టులో అడ్జస్టర్ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే మనిషి) కళ్లు ముందు వెళ్లేది ఈ గడి మీదికే. అప్పటిదాకా "మా డ్రైవర్ మీరు సడెన్ బ్రేక్ వేశారంటున్నాడు" అని సాగదీసిన అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ 22 చూశాక నాలుగు రోజుల్లో క్లెయిమ్ ఒప్పుకుంది. నా డిడక్టబుల్ (రిపేరు ఖర్చులో నేను భరించాల్సిన వాటా) 500 డాలర్లు వెనక్కి వచ్చాయి. ఆరు పెడితే ఐదొందలు, అంతకన్నా మంచి బేరం నేను అమెరికాలో ఇంకోటి చూడలేదు.

కొనలేకపోయిన కథ 2017 అక్టోబరుది. ఆదివారం సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్. ఆ గుంపు ఎలా ఉంటుందో తెలిసిందే, చేతిలో గోంగూర కట్టలు, బియ్యం బస్తా, కళ్లేమో ఖాళీ స్థలం కోసం. ఒకాయన వెనక్కి తీస్తూ నా కారు తలుపు నొక్కేశాడు. పోలీసులకి ఫోన్ చేస్తే, ప్రైవేటు స్థలం, ఎవరికీ దెబ్బల్లేవు, వివరాలు మార్చుకోండి అన్నారు. ఎవరూ రాలేదు. అప్పట్లో డ్రైవరే నింపి పంపే నీలం ఫారం ఒకటుండేది, సీఆర్-2 అని. మనమే రాసి ఆస్టిన్‌కి పంపితే రికార్డులో ఉంటుందని పాత రూమ్మేట్ మళ్లీ సలహా. తీరా చూస్తే ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచే రాష్ట్రం ఆ ఫారాలు దాచడం మానేసింది. మన దగ్గర పెట్టుకోవడానికి రాసుకోవచ్చు, అంతే. అవతలి పెద్దమనిషి అక్కడ "సారీ బ్రదర్, నాదే తప్పు" అని, ఇంటికెళ్లాక ఇన్సూరెన్స్ వాళ్లకి నేనే గుద్దానని చెప్పాడు. ఆ తలుపు బాగుచేయించడానికి అయిన 1,100 డాలర్లలో సగం నా జేబులోంచే పోయింది. రిపోర్టు ఖర్చు మాత్రం సున్నా. అప్పటి నుంచి పార్కింగ్‌లో దెబ్బ తగిలితే మొదట చేసేది వీడియో తీయడం, అదీ అవతలివాళ్లు మాట్లాడుతుండగానే.

అన్నిటికన్నా నన్ను సతాయించింది 2019 నాటి రిపోర్టు. అమ్మానాన్న వచ్చి ఉన్నారు. మా ఆవిడ డ్రైవ్ చేస్తోంది, అమ్మ పక్క సీట్లో. ఎడమవైపు తిరుగుతుంటే పక్క లేన్ బండి ఆనుకుని రాసుకుంటూ పోయింది. పది రోజులు దాటాక సైట్‌లో పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. మన పేర్ల సంగతి తెలిసిందేగా. మా ఆవిడ పేరు నాలుగు ముక్కలు, పోలీసాయన మూడో ముక్కని ఇంటిపేరు చేశాడు. లైసెన్స్ నంబరుతో వెతికితే క్షణంలో దొరికింది. తెలుగువాళ్లకి నా సలహా, పేరుతో వెతికి టైమ్ పాడుచేసుకోవద్దు.

తెరిచి చదివితే బొమ్మలో రెండు బండ్లూ తారుమారయ్యాయి. కింద ఆయన రాసిన నాలుగు వాక్యాలు సరిగ్గానే ఉన్నాయి, బొమ్మలో మాత్రం లేన్ మారింది మా బండే. టీఎక్స్‌డాట్‌కి ఫోన్ చేస్తే మర్యాదగా చెప్పారు, వాళ్లు ఒక్క అక్షరం కూడా మార్చలేరు, రాసిన అధికారే దిద్ది మళ్లీ పంపాలి. ఆ అధికారిదేమో నైట్ షిఫ్ట్. మూడు వాయిస్ మెయిల్స్ పెట్టాను. రెండుసార్లు స్టేషన్‌కి వెళ్లాను, అందుకు ఒక పూట ఆఫీసుకి సెలవు. చివరికి డ్యాష్‌క్యామ్ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చాక దిద్దారు. దిద్దిన రిపోర్టు కోసం మళ్లీ 6 డాలర్లు. ఇంత తిరగడం ఎందుకంటే, టెక్సస్‌లో తప్పు సగానికి మించి మనదని తేలితే అవతలివాళ్ల నుంచి పైసా రాదు. ఆ బొమ్మ చూసి అడ్జస్టర్ అప్పటికే అరవై శాతం మా మీద వేసింది. రిపోర్టు దిద్దాక అది పదికి దిగింది.

దిద్దించలేనిది అమ్మ గడి. అక్కడ ఎన్ అని ఉంది, అంటే దెబ్బల్లేవు. ఆ క్షణాన నిజమే. "నాకేం కాలేదు నాయనా" అని పోలీసాయనకి తెలుగులోనే చెప్పింది, చేయి ఊపింది కూడా. మర్నాడు పొద్దున మెడ తిప్పలేకపోయింది. నొప్పి ఉందేమో అని చెప్పి ఉంటే సీ అని, అంటే దెబ్బ ఉండొచ్చు అని రాసేవాడు. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు సర్టిఫైడ్ కాపీ కావాలన్నారు, 8 డాలర్లు పెట్టి కొన్నాను. ఆ ఎన్ చూపించి రెండు నెలలు ఆడించి, సగం బిల్లు ఇచ్చారు. మన పెద్దవాళ్లకి ఏమీ కాలేదనడం మర్యాద. ఇక్కడ అది రికార్డు.

సర్టిఫైడ్ కాపీ నాకు అవసరమైంది ఆ ఒక్కసారే. కోర్టు దాకా పోయేవాళ్లకి, ఇలాంటి మొండి కంపెనీలతో పడేవాళ్లకి తప్ప ఆ అదనపు రెండు డాలర్లు దండగ. ఇంకో మాట, క్లెయిమ్ మీ ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంటే రిపోర్టు వాళ్లే కొంటారు. అడ్జస్టర్‌కి మెయిల్ పెట్టి కాపీ అడగండి. నేను కొన్న ఐదింటిలో కనీసం ఒకటి ఇలా ఊరికే వచ్చేదని తర్వాత తెలిసింది.

నా డబ్బు నిజంగా వృథా అయింది 2022లో. స్నేహితుడి కూతురు, కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్ల, ఫ్రిస్కో దగ్గర హైవే ర్యాంప్ మీద ముందు కారుని తగిలించింది. ఆ రాత్రి వాళ్లింట్లో అందరూ టెన్షన్‌లో ఉంటే నేనే ఫోన్‌లో వెతికి, సెర్చ్‌లో పైన కనిపించిన సైట్‌లో 17 డాలర్లు కట్టేశాను. చూడ్డానికి అచ్చం ప్రభుత్వ సైట్ లాగే ఉంది, జెండా బొమ్మ కూడా పెట్టారు. రిపోర్టు రాకపోగా, మీ తరఫున దరఖాస్తు పెట్టాం అని మెయిల్ వచ్చింది. తొమ్మిదో రోజున టీఎక్స్‌డాట్ సైట్‌లో ఆరు డాలర్లకి నేనే దించుకున్నాను. ఆ పదిహేడు తిరిగి రాలేదు. కట్టే ముందు అడ్రస్ పట్టీలో టెక్సస్ ప్రభుత్వ సైటో కాదో చూసుకోండి.

రిపోర్టు బయటికి వచ్చాక దాంతోపాటు వచ్చేవి కూడా చెప్పాలి. టెక్సస్‌లో యాక్సిడెంట్ అయిన 30 రోజుల దాకా లాయర్లు బాధితులకి కేసు కోసం ఉత్తరాలు రాయకూడదు, రాస్తే నేరం. అందుకని ముప్ఫై ఒకటో రోజు నుంచి మెయిల్‌బాక్స్ పెళ్లిపత్రికల సీజన్‌లా నిండుతుంది. నాకు ఒకే వారంలో పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి, ఒకదానిలో ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం కూడా. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద పిల్లల స్కూలు మెనూని పట్టుకుని ఉంది. సొంత గాయాల మీద దావా వేయడానికి రెండేళ్ల గడువుంటుంది, కాబట్టి ఉత్తరంలో ఎంత తొందరపెట్టినా కంగారు పడక్కర్లేదు.

వేరే రాష్ట్రాల్లో మనవాళ్లు కట్టిన లెక్కలు వింటే మన ఆరు డాలర్ల విలువ తెలుస్తుంది. న్యూయార్క్‌లో మా తోడల్లుడు మోటారు వాహనాల శాఖ సైట్‌లో తీసుకుంటే వెతికినందుకు 7, రిపోర్టుకి 15, మొత్తం 22 అయింది. ఫ్లోరిడాలో 10, ఆన్‌లైన్ అయితే పైన ఇంకో 2. కాలిఫోర్నియా హైవే పోలీసుల దగ్గర పాతిక పేజీల దాకా 10.

ఇండియాలో ఇది ఉచితమని చాలామంది అంటారు. కాగితం మీద నిజమే. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 154వ సెక్షన్‌లో ఉంది, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం 173వ సెక్షన్‌లోనూ ఉంది. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2021లో వరంగల్ వైపు వెళ్తుంటే మా బావమరిది కారుని లారీ గుద్దింది. ఎఫ్‌ఐఆర్ ఫోన్‌లోనే దిగింది, రూపాయి కాలేదు. కానీ ఇన్సూరెన్స్‌కి అది చాలలేదు. పంచనామా, బ్రేకులూ గట్రా చూసి ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఇచ్చే రిపోర్టు, ఇలా ఒక్కో కాగితం కోసం నాలుగుసార్లు తిరిగాడు. జిరాక్సులు, ఆటోలు, టీలు కలిపి లెక్కేస్తే మా ఆరు డాలర్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇక్కడ అంతా ఒకే కాగితంలో ఉంటుంది, అదే నాకు నచ్చింది.

మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది ధర చూసి కాదు, తప్పు దిద్దించుకోవడానికి పట్టిన మూడు వారాలు చూసి. దిద్దిన కాపీకి మళ్లీ డబ్బు తీసుకోవడం కూడా నాకు గిట్టలేదు.

పోయిన నెల ఆఫీసులో మా పక్క సీటు కుర్రాడి కారుని ఎవరో వెనక నుంచి గుద్దారు. రోజూ పొద్దున కాఫీ తెచ్చుకుని సైట్ తెరుస్తాడు. పదకొండో రోజున "అన్నా, వచ్చింది" అని ఫోన్ చూపించాడు. కారణాల గడిలో 22 ఉందో లేదో చూడమన్నాను. ఉంది.