‘కీపర్’ అనే ఒక్క మాటతో ఒక నిఘంటువు యాప్‌కు పరీక్ష

నిఘంటువును పరీక్షించదలచినవారు కొరుకుడుపడని మాటను కాక, నిత్యం నోట నానే మాటను వెతికి చూడాలని అనువాదంలో కొన్నేళ్లు గడిపాక నాకు అర్థమైంది. ఏడాది చందా కట్టి ఎనిమిది నెలలుగా ఫోన్‌లో వాడుతున్న ఒక ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు యాప్ గుణదోషాలు నాకు ‘కీపర్’ అనే మాట దగ్గరే పూర్తిగా తెలిశాయి.

ముందుగా గుణాలు. నెట్ అందని చోట కూడా ఇది పనిచేస్తుంది, ఒత్తులు చిన్న తెర మీద కూడా కలిసిపోకుండా కనిపిస్తాయి, తెలుగు లిపిలో కొట్టినా ఇంగ్లిషు మాట దొరుకుతుంది. వికెట్ కీపర్‌ను అనువదించే సాహసం చేయకుండా, ఫీల్డింగ్ జట్టులో గ్లవ్స్, ప్యాడ్లు కట్టుకునే హక్కున్న ఏకైక ఆటగాడని వివరించి వదిలేయడం నాకు బాగా నచ్చింది. 2023లో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు ఆడిన మన విశాఖ భరత్‌ను ‘వికెట్ల కాపరి’ అంటే ఎవరు ఒప్పుకుంటారు?

చిక్కంతా ఉత్త ‘కీపర్’ దగ్గర ఉంది. కాపరి, కాపలాదారు, రక్షకుడు, సంరక్షకుడు, పాలకుడు అని అయిదు మాటలు వరుసగా పేర్చి, ఏది ఎక్కడ వాడాలో చెప్పే ఉదాహరణ ఒక్కటీ ఇవ్వలేదు. గొర్రెలకు కాపరి ఉంటాడు, గోదాముకు కాపలాదారు ఉంటాడు, తల్లిదండ్రులు లేని పిల్లవాడికి సంరక్షకుడు ఉంటాడు. వీటిని తారుమారు చేస్తే తెలుగు చదివేవాడు నవ్వుతాడు. ఆదికాండం నాలుగో అధ్యాయంలో కయీను నోట తెలుగు బైబిలు పలికించిన ‘కావలివాడు’ అనే చక్కని మాట మాత్రం ఆ వరుసలో లేదు.

బ్రిటిష్ మ్యూజియంలో శాఖాధిపతి హోదా పేరు కీపర్. యాప్ మాట నమ్మి కాపలాదారు అని రాస్తే, నాణేల శాఖను నడిపే పండితుణ్ణి లాఠీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టినట్టవుతుంది. గేట్‌కీపర్‌కు ఇచ్చిన అర్థం ‘ద్వారపాలకుడు’ ఒక్కటే. రైలు వస్తుందని గేటు వేసే మనిషిని నేనూ ఒకసారి తొందరలో అలాగే రాసి పంపగా, జయవిజయులకు రైల్వేలో ఉద్యోగం ఎప్పుడు వచ్చిందని సంపాదకుడు ఫోన్ చేసి అడిగారు. మనవాళ్లు గేట్‌మన్ అంటారని నాకు తెలియక కాదు, ఆ పూట యాప్‌ను నమ్మాను.

అసలు లోటు ఇంకొకటి. ఇంగ్లిషువారికి కాచేదీ, ఉంచుకునేదీ, నిలవుండేదీ అన్నీ ఒకే క్రియలో ఇమిడిపోతాయి. మనకు మూడింటికీ మూడు దారులు. చాలా రోజులు చెడిపోకుండా ఉండే యాపిల్ రకాన్ని వారు మంచి కీపర్ అంటారు, మన రైతు ఉల్లిపాయల గురించి ‘నిలవకు ఆగే రకం’ అన్నట్టే. గాలానికి పడిన చేపల్లో తిరిగి నీళ్లలో వదలనక్కరలేనంత పెద్దది కీపర్. వదులుకోకూడని మనిషిని కూడా అదే మాటతో మెచ్చుకుంటారు. బడి ప్రయోగశాలలో గుర్రపునాడా అయస్కాంతం శక్తి తగ్గిపోకుండా దాని రెండు ధ్రువాలకు అడ్డంగా పెట్టే మెత్తని ఇనుప ముక్క పేరూ అదే. ఈ అర్థాల్లో ఒక్కటి కూడా యాప్‌లో లేదు. మన ఊళ్లలో ‘కీప్’ అనే మాటకు స్థిరపడిన ఆ ఇంకో అర్థాన్ని మాత్రం ‘ఉంపుడుగత్తె’ అని తడుముకోకుండా ఇచ్చారు!

లోపాలు తెలపడానికి యాప్ అడుగున ఒక గడి ఉంది. అందులో గేట్‌మన్ గురించీ, అయస్కాంతం గురించీ మార్చి నెలలో రాశాను. ధన్యవాదాలు చెబుతూ అదే రోజు జవాబు వచ్చింది. ద్వారపాలకుడు మాత్రం ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. తెలుగు బాగా వచ్చి, ఇంగ్లిషు అర్థాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడేవారికి ఈ చందా దండగ కాదు; అనువాదం నేర్చుకుంటున్నవారికి మాత్రం ఉదాహరణలు చేర్చేదాకా దీన్ని సిఫారసు చేయలేను.