కింద బేతంచెర్ల బండలు, పైన విట్రిఫైడ్ టైల్స్: ఇన్నేళ్లు వాడినాక నా రివ్యూ

కర్నూల్లో ఇల్లు కట్టేవాళ్లు ఎవరైనా నన్ను మొదట అడిగేది బండలు మంచివా టైల్స్ మంచివా అని, నేను మాత్రం ముందు వాటి కింద ఏం పోయిస్తున్నారో చెప్పండి అంటా. మా ఇల్లు 2015లో కట్టినాం, కింద హాలు, బెడ్రూముల్లో బేతంచెర్ల బండలు, వంటింట్లో కడప నల్లబండ, పైన విట్రిఫైడ్ టైల్స్. ఒకే ఇంట్లో మూడూ వాడినాం కాబట్టి తేడా బాగా తెలిసింది.

మా స్థలం నల్లరేగడి. వానొస్తే ఉబ్బుతాది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు ఇస్తాది, దాని మీద ఎంత ఖరీదు బండ పరిచినా నిలవదు. మా మేస్త్రి పెద్దాయన, గోడల మధ్య రేగడంతా తోడించి గరుసు (గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి) తోలించినాడు, అది కూడా ఒకేసారి నింపనీలేదు, అర అడుగు పోయడం నీళ్లు పట్టడం దిమ్మిస కొట్టించడం, మళ్లీ ఇంకో అర అడుగు. ఒక్కసారే మూడడుగులు నింపి పైన నీళ్లు వదిలితే పైపొర గట్టిగానే కనిపిస్తాది, లోపలంతా వదులుగానే ఉంటాది. నేను తొందరపెడితే "ఒక్క వానకాలం తడవనీ సార్, కుంగేదంతా ఇప్పుడే కుంగనీ" అన్నాడు. ఆలోపు పై పనులు నడిచినాయి కాబట్టి టైమేం పోలేదు. తర్వాత 40 ఎం.ఎం కంకరతో 1:4:8 (ఒక పాలు సిమెంట్, నాలుగు ఇసక, ఎనిమిది కంకర) కాంక్రీట్ బెడ్డు నాలుగించులు పోసి, క్యూరింగ్ అయినాకే బండ ముట్టినాడు. చాలామంది ఈ బెడ్డు ఖర్చు మిగుల్చుకుందామని గరుసు మీదే ఇసక పరిచి బండలు వేసేస్తారు, ఆ ఇళ్లలో బండ ఊగడం, జాయింట్లు విడిపోవడం, తలుపు కింద తగులుకోవడం నేను చూస్తానే ఉన్నా. మా హాల్లో ఈరోజుకూ ఒక్క బండ కదల్లేదు.

బేతంచెర్ల బండ (ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది) అన్నీ ఒకే మందం రావు, అందుకే ఒక్కోదాని కింద మాలు (సిమెంట్, ఇసక కలిపింది) ఒక్కోరకంగా పట్టాలి, ఇది చెయ్యి తిరిగినోళ్ల పని. ఎండాకాలం మధ్యాహ్నం దిండు ఒకటి వేసుకుని ఉత్త నేల మీద పడుకుంటే ఆ సల్లదనం టైల్స్‌కి రాదు, ఇది నా గట్టి అభిప్రాయం. నడిచే దారిలో షైనింగ్ తగ్గితే మళ్లీ పాలిష్ పట్టించినాం, కొత్తదానిలాగే వచ్చింది. ఒక్కటే జాగ్రత్త, ఈ బండా, వంటింట్లోని కడప నల్లబండా రెండూ సున్నపురాయి జాతి, నిమ్మరసం గానీ చింతపండు పులుసు గానీ పడి కాసేపు ఉంటే పాలిష్ తినేస్తాది, మా నల్లబండ మీద పొయ్యి పక్కన తెల్లగా మచ్చలు పడినాయి. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లు కనపడవు, అంతే. బాత్రూం యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కడగొద్దు.

ఇక పైన. టైల్స్ పని వేరే బ్యాచ్ చేసింది, గ్యాప్ లేకుండా ఒకదానికొకటి ఆనించి, సిమెంట్ పాలు పోసి, మాలు ముద్దలు ముద్దలుగా పెట్టి పోయినారు. ఒక మే నెల మధ్యాహ్నం ఠప్‌మని శబ్దం, పోయి చూస్తే నడిమధ్య రెండు టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేచినాయి. ఒకటి ఎత్తి చూస్తే వెనకవైపు సిమెంట్ అంటనే లేదు, కంపెనీ అచ్చు, తెల్ల పౌడరు అట్లే ఉన్నాయి. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది 0.5 శాతం లోపే, ఉత్త సిమెంట్ పాలకు అది పట్టు ఇవ్వదు, పైగా మన ఎండకు స్లాబు సాగితే టైల్స్ జరగడానికి సందు లేదు. ఆ రూమంతా తీయించి, పాత మాలు చెక్కించి, స్లాబు కడిగి లెవెల్ మాలు పోయించి, అది ఆరినాక టైల్ వెనక పౌడర్ తుడిచి అడెసివ్‌తో (టైల్స్ అంటించే జిగురు), మధ్యలో సందు ఉంచే 2 ఎం.ఎం స్పేసర్లతో వేయించినా, గోడ పక్కన స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే పట్టీ) కింద కూడా సందు వదిలించినా. దాని తర్వాత ఎన్ని ఎండాకాలాలు పోయినా చెక్కుచెదర్లేదు.

మీరు టైల్సే వేయించేటట్లయితే సందుల్లో గ్రౌట్ (సందులు పూడ్చే పేస్టు) నింపకముందే రూపాయి బిళ్లతో ప్రతి టైలూ నాలుగు మూలలా, నడిమధ్యా తట్టి చూడండి, డొల్లగా మోగినవాటికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి వాళ్ల చేతనే తీయించి మళ్లీ వేయించండి, ఆ తర్వాతే ఆఖరి డబ్బులు ఇవ్వండి.