ఎమర్జింగ్ మార్కెట్స్ ఇండెక్స్ ఫండ్: పద్నాలుగేళ్లు ఉంచుకున్నాక నా మాట

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. డాలస్ వచ్చి ఏడాదైంది, ఈమధ్యే ఆఫీసులో 401కే (జీతంలోంచి రిటైర్మెంట్‌కు పొదుపు చేసే ఖాతా) మొదలుపెట్టాడు. "అక్కా, లిస్టులో ఎమర్జింగ్ మార్కెట్స్ ఫండ్ ఒకటుంది. రిస్క్ చాలా ఎక్కువ అని రాశారు. నాకింకా ముప్పై ఏళ్లు టైముంది కదా, సగం డబ్బు అందులోనే పెట్టేయనా?" అన్నాడు. ఫోన్లో గబగబా ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా అనిపించలేదు. 2011 ఏప్రిల్ నుంచి నా రాత్ ఐఆర్ఏలో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) అలాంటి ఫండే ఉంది, నెలకు 200 డాలర్లు చొప్పున పెడుతున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎమర్జింగ్ మార్కెట్స్ అంటే ఇంకా ఎదుగుతున్న దేశాల షేర్ మార్కెట్లు. ఇండెక్స్ ఫండ్ అంటే ఒక సూచీలో ఉన్న షేర్లను అదే పాళ్లలో కొనే ఫండ్. ఈ ఒక్క ఫండ్ కొంటే చైనా, తైవాన్, ఇండియా, బ్రెజిల్, సౌదీ, దక్షిణాఫ్రికా లాంటి ఇరవైకి పైగా దేశాల షేర్లు చేతికొస్తాయి. అన్నిటికన్నా పెద్ద వాటా చిప్‌లు తయారుచేసే తైవాన్ సెమీకండక్టర్ కంపెనీది. రిలయన్స్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ కూడా ఉంటాయి. ఇక్కడున్న మనవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అమెరికాలో టాక్స్ కట్టేవాళ్లు ఇండియాలో మ్యూచువల్ ఫండ్ కొంటే అది పీఎఫ్ఐసీ (టాక్స్ లెక్కలో ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) కిందికి వస్తుంది. ఫారం 8621 నింపాలి, టాక్స్ లెక్క కూడా బాగా బరువే. ఇక్కడి ఫండ్ ద్వారా ఇండియా షేర్లు కొంటే ఆ తలనొప్పి లేదు.

ఖర్చు కూడా తక్కువ. నా ఫండ్‌కు ఇప్పుడు ఏడాదికి పదివేల మీద పది డాలర్లు కూడా అవ్వదు. దీనికి ముందు గుళ్లో పరిచయమైన ఒక అడ్వైజర్ గారి మాట మీద ఇలాంటి దేశాల ఫండే ఇంకొకటి కొన్నాను. చేరేటప్పుడే 5.75 శాతం కమిషన్. 3,000 పెడితే మొదటి రోజే 172 డాలర్లు పోయాయి. అలాంటివి వద్దు, ఇండెక్స్ ఫండ్ చాలు.

ఇక అసలు సంగతి. నేను మొదటిసారి కొన్నప్పుడు యూనిట్ 50 డాలర్ల దరిదాపుల్లో ఉంది. 2016 జనవరికి 30 దగ్గరికి పడింది. దాదాపు అయిదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టాక, కట్టినంత కూడా అకౌంట్లో లేదు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక మా వారు పక్కన కూర్చుని "అమ్మేసి అమెరికా ఫండ్‌లో వేసేద్దాం" అన్నారు. ఫండ్ అమ్మే పేజీ తెరిచి, యూనిట్ల సంఖ్య కూడా టైప్ చేశాను. అక్కడ ఆగి పాత లెక్కలు తీశాను. 2000 నుంచి 2009 వరకు పదేళ్లలో ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల సూచీ) డివిడెండ్లతో కలిపినా నష్టంలో ఉంటే, ఈ దేశాల సూచీ ఏడాదికి దాదాపు 10 శాతం పెరిగింది. ఆ పేజీ మూసేశాను. తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2010 నుంచి 2019 వరకు లెక్క తిరగబడింది. అమెరికా ఏడాదికి 13 శాతం పైన ఇస్తే ఇది 4 శాతం లోపే. ఇప్పుడు నా అకౌంట్ లాభంలోనే ఉంది గానీ, అదే డబ్బు అదే నెలల్లో అమెరికా ఇండెక్స్‌లో వేసి ఉంటే చాలా ఎక్కువ అయ్యేది.

రిస్క్ అంటే ధర ఎగుడుదిగుళ్లే అనుకునేదాన్ని. 2008లో ఎంఎస్‌సీఐ అనే సంస్థ లెక్కగట్టే ఈ దేశాల సూచీ 53 శాతం పడి, మరుసటి ఏడాది 78 శాతం లేచింది. ఇది తట్టుకోవచ్చు. తట్టుకోలేనివి వేరే ఉన్నాయి. 2022 మార్చిలో రష్యాను సూచీల నుంచి పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత ఫండ్ రిపోర్టు తెరిస్తే స్బెర్‌బ్యాంక్, లుకోయిల్ అనే రష్యా కంపెనీల పేర్లు ఇంకా ఉన్నాయి, ఎదురుగా షేర్ల సంఖ్యా ఉంది, విలువ గడిలో మాత్రం ఏమీ లేదు. అది పడి లేచే ధర కాదు, పోయిన డబ్బు. 2021 జులైలో చైనా ప్రభుత్వం స్కూలు పాఠాల ట్యూషన్ కంపెనీలు లాభం తీసుకోకూడదంది. ఆ షేర్లు రోజుల్లో కుప్పకూలాయి.

రూపాయి సంగతి మనకు ఇంకా దగ్గరగా అర్థమవుతుంది. 2011లో డాలర్‌కు 45 రూపాయలు, ఇప్పుడు 85 దాటింది. అంటే ఇండియాలో ఒక షేరు రూపాయల్లో రెట్టింపైనా, డాలర్ల లెక్కలో దాదాపు పెట్టినంతే. దేశం ఎదగడం వేరు, మన చేతికి రావడం వేరు. కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే పాతవాళ్ల వాటా పలచబడుతుంది. చైనా ఎదిగినంతగా అక్కడి షేర్లు పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అందుకే మా తమ్ముడి "ముప్పై ఏళ్లు టైముంది" అన్న మాట ఒక్కటే నాకు సరిపోదు. 2007 అక్టోబర్‌లో ఎంఎస్‌సీఐ సూచీ చేరిన ఎత్తును డివిడెండ్లు కలపకుండా చూస్తే మళ్లీ దాటింది 2021లో. పదమూడేళ్లు! ఆ మధ్యలో ఇల్లు కొనాలి, పిల్లల చదువులు వస్తాయి, ఉద్యోగం పోవచ్చు. పైగా వాడికి తెనాలి దగ్గర పొలంలో వాటా ఉంది, పిన్ని పేర ఎఫ్‌డీలున్నాయి. అవన్నీ ఒక ఎమర్జింగ్ దేశం మీద, రూపాయి మీద పెట్టిన డబ్బే కదా.

ప్రపంచ షేర్ల సూచీల్లో ఈ దేశాల వాటా సుమారు పదో వంతు. నేనూ అంతే ఉంచుకుంటున్నాను, పెంచను, తీసేయను. రిస్క్ ఎక్కువని పూర్తిగా వదిలేయడం కూడా నాకు నచ్చదు. 2000 తర్వాత వచ్చినలాంటి పదేళ్లు మళ్లీ వస్తే, అమెరికా ఫండ్ ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్లకు చాలా కష్టం.

కొనేముందు ఒకటి చూసుకోండి. ఎఫ్‌టీఎస్ఈ అనే ఇంకో సంస్థ సూచీలో దక్షిణ కొరియా అభివృద్ధి చెందిన దేశం, అందుకే ఆ ఫండ్లలో శాంసంగ్ ఉండదు. ఎంఎస్‌సీఐలో కొరియా ఇంకా ఎమర్జింగే. మీ దగ్గరున్న అభివృద్ధి చెందిన దేశాల ఫండ్ వేరే సంస్థ సూచీది అయితే కొరియా రెండుసార్లు పడుతుంది, లేదా అసలే ఉండదు.

సగం వద్దు, పది శాతం పెట్టమని వాడికి మెసేజ్ పెట్టాను. వాడి ఫండ్ ఫ్యాక్ట్‌షీట్ పంపమన్నాను, ఏ సూచీదో ఇద్దరం కలిసి చూస్తాం. నా 200 డాలర్లు మాత్రం వచ్చే నెల అయిదో తేదీన మామూలుగానే వెళ్తాయి.