సీప్యాప్‌తో నాలుగేళ్ళు: ఊపిరి కుదిరాక కూడా రాని నిద్ర

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి పంపే సీప్యాప్ మిషను ఇది, 2021 నవంబరులో కొన్నాను. ఇప్పటికి తొమ్మిది వేల గంటలు దాటి నడిచిందని దాని తెర మీదే కనిపిస్తోంది. కొనే ముందు నేను చదివిన అభిప్రాయాలన్నీ నెలా రెండు నెలలు వాడినవాళ్ళవి. "మొదటి రాత్రే హాయిగా నిద్రపోయాను" అని రాశారు. నాకు అలా జరగలేదు. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

నాకు యాభై ఒక్కేళ్ళు. ఉండేది మల్కాజిగిరి, బళ్ళో లెక్కలు చెబుతాను. ఆరేళ్ళపాటు నాది వట్టి నిద్రలేమి అనే అనుకున్నాను. పదింటికి నడుం వాలిస్తే పన్నెండుకు కళ్ళు మూతపడేవి, రెండున్నరకల్లా మెలకువ. అక్కణ్ణుంచి స్టేషన్లో గూడ్సు బళ్ళ చప్పుడు వింటూ తెల్లవారేది. అత్తయ్య గసగసాలు నూరి పాలల్లో కలిపి ఇచ్చేవారు. కాలనీలో డాక్టరుగారు అర మిల్లీగ్రాము అల్ప్రజోలం అనే మత్తు మాత్ర రాశారు, రెండేళ్ళు వేసుకున్నాను. నేను గురక పెడతానని ఎవరూ అనలేదు. మావారికి నైట్ షిఫ్టులు, పక్కన వినే మనిషే లేడు. పొద్దున నోరు పిడచకట్టుకుపోవడం, తలనొప్పి, రాత్రి మూడుసార్లు బాత్రూముకి లేవడం, అన్నీ మెనోపాజ్ వల్లే అనుకుని సరిపెట్టుకున్నాం. ఒకరోజు బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయి, తరవాతి మెట్టు ఏమిటో తోచక నిలబడిపోయాను. "మేడం, తరవాత?" అని పిల్లలు అడుగుతున్నారు. ఆ సాయంత్రమే నిద్ర పరీక్షకు ఒప్పుకున్నాను.

తలకీ గడ్డానికీ కాళ్ళకీ తీగలు, ఛాతీకి పట్టీలు, వేలికి క్లిప్పు. ఇన్నిటితో ఎలా నిద్రపడుతుందనుకున్నాను, వాళ్ళకు కావలసినంత పట్టింది. గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 27 సార్లు జరుగుతోందని తేలింది. 5 లోపు మామూలు, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నా రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 81 శాతానికి పడిపోయింది. "ఆడవాళ్ళలో చాలామందికి గురక కన్నా నిద్రపట్టకపోవడం, నీరసమే పైకి కనబడతాయమ్మా. అందుకే ఆలస్యంగా దొరుకుతుంది" అన్నారు పరీక్ష చేయించిన డాక్టరుగారు. నేను వేసుకుంటున్న లాంటి మాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేయవచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఆయన చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ నాలుగు నెలల్లో మానేశాను. ఆ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఇక మిషను. చూసినవాళ్ళంతా ఆక్సిజన్ అనుకుంటారు. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి చూసి "ఏమైందక్కా, ఆక్సిజన్ పెట్టిన్రా?" అని పరుగెత్తుకొచ్చింది. కోవిడ్ రెండో అల వెళ్ళి ఆర్నెల్లే అయింది, ఆవిడ భయపడ్డంలో తప్పులేదు. కానీ ఇందులో ఆక్సిజన్ ఏమీ ఉండదు. గదిలో గాలినే కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది, ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా ఉంటుంది, అంతే. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు మొదట వాక్యూమ్ క్లీనర్ మోటారుతో దీన్ని తయారుచేసి 1981లో ప్రకటించాడు. నాది దానంతట అదే ఒత్తిడి మార్చుకునే రకం. ఒత్తిడి అంకె 4 నుంచి 20 దాకా వెళ్ళగలదు, నాకు ఎక్కువగా 9 దగ్గర ఆగుతుంది. చప్పుడు ఫ్యాను కన్నా తక్కువ. మొదటి వారంలోనే రాత్రి బాత్రూముకి లేవడం పోయింది, పొద్దుటి తలనొప్పి పోయింది.

కష్టమంతా మాస్కుతోనే. ముక్కు మొత్తం కప్పే మాస్కు అంటగట్టారు దుకాణంలో. నా ముక్కుపుడక దగ్గర సందు పడి గాలి కంట్లోకి కొట్టేది. తీసేస్తే అత్తయ్యకు నచ్చలేదు, నాకూ బాధే, పెళ్ళినాటి నుంచీ ఉన్నది. రోజూ రాత్రి తీసి పొద్దున పెట్టుకుంటే చిల్లు పుండయ్యింది. మూడు వారాలు అలా నలిగాక, ముక్కు కింద ఆనే చిన్న మాస్కు ఆరు వేలు పెట్టి వేరే కొన్నాను. పాతది వాపసు తీసుకోలేదు. కొత్తది పుడకకు తగలదు. ఆడవాళ్ళకు ఈ మాట ఎవరైనా ముందే చెప్పాలి. ఇంకోటి, తలకు నూనె రాసుకున్న రాత్రి పట్టీలు జారతాయి, మొహం జిడ్డుగా ఉంటే సిలికాన్ సరిగ్గా అతుక్కోదు. మొహం కడుక్కుని, జడ కిందికి వేసుకుని, అప్పుడు పెట్టుకుంటాను.

గాలికి తేమ కలపడానికి మిషనులో ఉండే నీళ్ళ తొట్టిలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఒకసారి అయిపోయి బోరు నీళ్ళు పోస్తే నాలుగు రోజుల్లో అడుగున తెల్లటి పొర కట్టింది, వెనిగర్‌తో నానబెట్టి కడగాల్సి వచ్చింది. వానాకాలంలో, లేదా ఏసీ చల్లదనానికి, గొట్టంలో తడి చేరి గుడగుడమంటుంది. అప్పుడు తేమ తగ్గించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తేమ లేకుండా నావల్ల కాదు, ముక్కు ఎండి రక్తం చూశాను. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుస్తుంది, వేడి చేసే భాగం ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మా వీధి దుమ్ముకు ఫిల్టరు నెల తిరక్కుండానే నల్లబడుతుంది.

నాలుగు నెలలయ్యేసరికి తెర మీద నా అంకె గంటకు 2కి దిగింది. అందరూ సంతోషించారు. నేను మాత్రం రెండున్నరకు లేచి, మాస్కు పెట్టుకునే పైకప్పు చూస్తూ ఉన్నాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇంత డబ్బు పోసి ఇంకా నిద్రపోని మనిషిని ఇంట్లోవాళ్ళు ఎలా నమ్ముతారు? మిషను కంపెనీ మనిషి "అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి మేడం" అనేవాడు. అంకెలు బాగున్న మాట నిజమే. నాకున్నవి ఊపిరి ఆగడం, నిద్రలేమి అనే రెండు జబ్బులని, ఒకటి తగ్గితే రెండోది దానంతట పోదని ఎవరూ చెప్పలేదు. ఈ రెండూ కలిసి రావడాన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టియన్ గిలెమినో అనే వైద్యుడి బృందం 1973లోనే గుర్తించింది.

డాక్టరుగారు అప్పుడు ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆరుసార్లు వెళ్ళాను. మొదటి రెండు వారాలు నిద్ర డైరీ రాయించారు. ఎనిమిది గంటలు మంచం మీద ఉంటే నేను నిద్రపోయేది ఐదు గంటల పది నిమిషాలు. "అయితే మంచం మీద ఐదున్నర గంటలే ఉండండి" అన్నారావిడ. రాత్రి పన్నెండుంపావుకి ముందు పడుకోకూడదు, పొద్దున ఐదూ ముప్పావుకి లేవాల్సిందే. నిద్ర లేనిదానికి ఇంకా కోత ఏమిటని ఏడుపొచ్చింది. ఆ కోత మొదలయ్యాక రెండు వారాలు నరకం. స్కూటీ మానేసి ఆటోలో వెళ్ళాను, ఆ మత్తులో బండి నడపడం ప్రమాదం. మూర్ఛలు, బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టరు ఆధ్వర్యం లేకుండా ఇది చేయకూడదని కూడా చెప్పారు.

ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగిపోవాలి. మాస్కు తీయకుండా గొట్టం మాత్రం ఊడదీసి హాల్లోకి వెళ్ళేదాన్ని. చిన్న దీపం వెలుగులో పాత నోటుపుస్తకంలో చుక్కల ముగ్గులు వేస్తూ కూర్చునేదాన్ని. ఫోను లేదు, గడియారం గోడకు తిప్పిపెట్టాం. రెప్పలు బరువెక్కితే మళ్ళీ లోపలికి. మంచం మీదున్న సమయంలో 85 శాతం నిద్రపోతే తరవాతి వారం పావుగంట కలిపేవారు. ఐదో వారంలో ఒకరోజు అలారం మోగాక లేచాను. అలారం నన్ను లేపడం ఎన్నేళ్ళ తరవాతో. ఇప్పుడు పదకొండు నుంచి ఐదున్నర దాకా పడుకుంటాను. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు ఈ రకం చికిత్సే (సీబీటీ-ఐ అంటారు) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సూచించింది. నాకు అల్ప్రజోలం రాసింది ఆ తరవాతే.

కాళ్ళు పీకడం కూడా ఉండేది, సాయంత్రమైతే కదపకుండా ఉండలేకపోయేదాన్ని. రక్తపరీక్షలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే అంకె, 19 మాత్రమే ఉంది. డాక్టరుగారు ఇచ్చిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడితే చాలామటుకు తగ్గింది.

మిషనుకు నలభై ఎనిమిది వేలు అయింది, మా బీమా ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఏటా మాస్కు, ఫిల్టర్లకు ఏడెనిమిది వేలు. ఇంతకీ కొనమంటారా అంటే, పరీక్షలో ఊపిరి ఆగుతోందని తేలితే కొనండి. ముందు అద్దెకు దొరికితే నెల వాడి చూడండి. దుకాణంలో మాస్కు పెట్టుకుని, మిషను ఆన్ చేయించి, అరగంట పక్కకు తిరిగి పడుకోనివ్వమని అడగండి. పడుకోనివ్వకపోతే ఇంకో దుకాణానికి వెళ్ళండి.