డెస్క్‌టాప్ లేని డెబియన్: ఇంటి సర్వర్‌గా ఏళ్ల తరబడి వాడాక

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) 11వ వెర్షన్ కాలం నుంచీ ఇంటి సర్వర్‌గా వాడుతున్నాను. ఇప్పుడు అందులో ఉన్నది 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్. సినిమాలకు జెల్లీఫిన్, ఫైళ్లకు సాంబా, పిల్లలకు మైన్‌క్రాఫ్ట్ సర్వర్, ఇంతే దాని పని.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్, గ్నోమ్ (మౌస్‌తో వాడే తెర) టిక్‌లు తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లతో లోపలికి వచ్చే దారి) సర్వర్‌కు టిక్ పెడితే చాలు. గ్నోమ్ ఉంటే ఏ పనీ చేయకుండానే ఒక జీబీ దాకా తినేస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌కైతే విండో తెరవకుండా నడవడానికి కమాండ్ చివర 'నోజీయూఐ' అని చేర్చాలి. దాన్ని టీమక్స్‌లో (కనెక్షన్ పోయినా టెర్మినల్‌ను నడుస్తూ ఉంచే ప్రోగ్రామ్) నడిపితే ఎస్‌ఎస్‌హెచ్ తెగిపోయినా ఆట ఆగదు. ల్యాప్‌టాప్ మూత వేసినా నిద్రపోకుండా ఉండాలంటే లాగిన్‌డీ అనే సిస్టమ్ సర్వీసు సెట్టింగుల్లో 'హ్యాండిల్‌లిడ్‌స్విచ్'ను 'ఇగ్నోర్' చేయాలి. కరెంటు పోతే బ్యాటరీయే యూపీఎస్. రౌటర్‌కు మాత్రం వేరే ఏర్పాటు తప్పదు.

ర్యామ్ ఆదా కన్నా నాకు ఎక్కువ నచ్చింది, దాపరికం లేకపోవడం. జెల్లీఫిన్ ఆగిపోతే లాగ్‌లు చూపే 'జర్నల్‌సీటీఎల్' కొడతాను, ఎన్ని గంటలకు, ఎందుకు ఆగిందో అక్కడే ఉంటుంది. సెట్టింగులు దాదాపు అన్నీ 'ఈటీసీ' ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లే. వాటిని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్) పెట్టుకున్నాను కాబట్టి ఏ మార్పు ఎప్పుడు చేశానో వెతుక్కోనక్కర్లేదు. మౌస్‌తో పదిచోట్ల నొక్కి మార్చే సెట్టింగులకు ఈ సుఖం ఎక్కడిది?

తెలుగు విషయానికి వస్తే మాత్రం చిరాకే. మానిటర్ తగిలించి చూస్తే తెలుగు ఫైలు పేర్లన్నీ డబ్బాలే. ఆ కన్సోల్ (డెస్క్‌టాప్ లేని అక్షరాల తెర) ఫాంటులో గరిష్ఠంగా 512 గుర్తులే పడతాయి, పైగా ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపడం దానికి రాదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో వస్తే అక్షరాలు చూపించే పని మన వైపు టెర్మినల్‌ది. అక్కడా ఒత్తులు చెదురుతుంటాయి. అందుకే ఫైలు పేర్లు ఇంగ్లీషులో ఉంచి, తెలుగు పేర్లు జెల్లీఫిన్ లోపల ఇచ్చాను. బ్రౌజర్‌లో, టీవీలో శుభ్రంగా కనిపిస్తాయి.

మా నెట్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ లేదు, కాబట్టి బయటి నుంచి నేరుగా రావడం కుదరదు. అందుకే మన పరికరాలను ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టాను. బ్రౌజర్ లేని మెషీన్‌లో లాగిన్ ఎలా అని టెన్షన్ అక్కర్లేదు, అది ఒక లింకు చూపిస్తుంది, దాన్ని ఫోన్‌లో తెరిస్తే సరి. రౌటర్‌లో ఒక్క పోర్టూ తెరవలేదు.

12 నుంచి 13కు మారేవాళ్లు ఒకటి చూసుకోండి. కొత్త వెర్షన్‌లో తాత్కాలిక ఫైళ్లుండే 'టెంప్' ఫోల్డర్ డిస్కులో కాక ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకోగలదు. నాలాంటి చిన్న మెషీన్‌లో పెద్ద ఫైళ్లు అక్కడ పడితే కష్టం. 'సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టీఎంపీ.మౌంట్' కొట్టి రీబూట్ చేస్తే మళ్లీ డిస్కుకు వస్తుంది.