ఎనిమిది ఆంక్లుంగ్‌ల సెట్టు: పలుకు బంగారం, పేచీ ఏసీ గదితో

ఆంక్లుంగ్ అంటే ఊపితే పలికే ఇండోనేషియా వెదురు వాద్యం. ఒక్కో చట్రంలో ఒక పెద్ద గొట్టం, ఒక చిన్న గొట్టం ఉండి ఒక్క స్వరమే పలుకుతుంది. ఆ దేశంలోని బాండుంగ్‌లో కొన్న 'సి' మేజర్ (పాశ్చాత్య స్వరశ్రేణి) సెట్టు ఇది. యునెస్కో 2010లో గుర్తించిన సంగతి, వెదురు గొప్పతనం చాలామంది రాసేశారు. నా గొడవంతా ఒక్క గొట్టంతో.

ఏసీ గాలి తగిలేచోట వేలాడదీయడంతో పై 'డో' (పై స్థాయి షడ్జం) పెద్ద గొట్టం కణుపు దగ్గర నిలువునా చీలింది. పగులు కంటికి ఆనదు. ఊపితే మాత్రం చిరిగిన స్పీకరులా జర్రుమంటుంది. దీపాలార్పి గొట్టంలోకి టార్చి వేస్తే సన్నటి వెలుగు గీత కనబడింది.

గొట్టం పైభాగాన్ని సగం కోయగా మిగిలిన బద్ద కంపిస్తుంటే, కింద మూసిన గొట్టంలోని గాలి దానితో కలిసి పలకాలి. 440 హెర్ట్జ్ 'ఎ' స్వరానికి ఆ గాలి పొడవు 19 సెంటీమీటర్ల చిల్లర. పగుల్లోంచి గాలి కారితే పలుకు చచ్చిపోతుంది.

పల్చటి సూపర్‌గ్లూ చుక్కలుగా పగుల్లోకి దించి, నైలాన్ దారం బిగించి, రాత్రంతా వదిలేస్తే జర్రు పోయింది. కానీ చీలిక బద్ద మొదలుదాకా పాకినందువల్ల శ్రుతి దిగిపోయింది. బద్ద కొసను గరుకు కాగితంతో కాస్త అరగదీస్తే స్వరం పైకెక్కుతుంది. బద్ద మొదలు దగ్గర గీకితే దిగుతుంది. రెండు రుద్దులకోసారి ట్యూనర్ యాప్ చూడాలి, ఎక్కువ అరిగితే అతికించలేం. చూసేటప్పుడు చిన్న గొట్టాన్ని వేలితో ఆపి ఊపండి. అక్కడివాళ్లు టెంకెప్ అనే పద్ధతి అదే. లేకపోతే పై స్థాయి స్వరం కూడా మోగి యాప్ తికమకపడుతుంది. పేము కట్లు వదులైనా ఇలాంటి గరగరే వస్తుంది కనుక ముందు వాటినే చూడాలి. కింద పిండిలాంటి పొడి రాలుతోందంటే పుచ్చు పురుగు పట్టినట్టే. దానికి జిగురు మందు కాదు.

చూడగానే ఎవరైనా వాయించేస్తారన్న మాట నిజమే, విడివిడి స్వరాల వరకు. పాట సాగాలంటే పక్కవారి స్వరం మొదలయ్యాకే మన ఊపు ఆపాలి. పిల్లలకు అదే కొరుకుడుపడదు. ఈ ఎనిమిదింటిలో శంకరాభరణం రాగం స్వరాలన్నీ ఉన్నాయి, మోహన కూడా పలుకుతుంది. గమకం మాత్రం అడగొద్దు. కల్యాణికి ప్రతి మధ్యమం (ఎఫ్ షార్ప్) విడిగా కొనాలి.

మా ఇంట్లో ఊపే చేతులు చాలా ఉన్నాయి కాబట్టి నాకు గిట్టుబాటైంది. ఒంటరిగా వాయించేవాళ్లు ఇండోనేషియాలోని జోగ్‌జకార్తా నగరం మాలియోబోరో వీధిలో ఇదివరకు డంగ్‌డుట్ (అక్కడి జనరంజక సంగీతం) వాయించిన బృందాల్లా బద్దల స్టాండుకు వరసగా వేలాడదీసుకోవాలి. ఆ స్టాండు ఈ సెట్టులో రాదు.