ఆకివీడు నుంచి గువాహటి దాకా లారీలో డిష్: అయిదేళ్ల వాడకం తర్వాత

మాది చేపల లారీ. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపకు ఐసు వేసి ఆకివీడులో లోడు ఎత్తుకున్నామంటే హౌరాలో దించేదాకా నిలబడేది లేదు. ఆ దారిలో టీవీ చూసే తీరిక ఉండదు, ఉండకూడదు కూడా. తీరికంతా లోడు దించిన తర్వాతే. రిటర్ను లోడు దొరికేదాకా హౌరా దగ్గరో, సిలిగురిలోనో, గువాహటి పొలిమేరలోనో ఒక్కోసారి రెండు మూడు రోజులు క్యాబిన్లోనే గడపాలి. ఆ రోజుల కోసమే 2020 చివర్లో డిష్ కొన్నాను. ఇప్పటికి రెండు డిష్‌లు, మూడు స్టాండులు మార్చాను. కొనాలనుకునే తోటి డ్రైవర్లకు నా డబ్బుతో నేర్చుకున్నది చెబుతాను.

ఫోను ఉండగా డిష్ ఎందుకని అందరూ అడుగుతారు. రోజు డేటా సాయంత్రానికే అయిపోతుంది. వందల లారీలు ఆగిన చోట రాత్రి ఎనిమిది గంటలకు ఉన్న కాస్త సిగ్నల్ కూడా నత్తనడక నడుస్తుంది. డ్రైవర్లం ఇద్దరం, క్లీనరు ఒకడు. ముగ్గురం అరచేతంత తెర మీద తలలు ఆనించి ఎంతసేపని చూస్తాం?

నెలనెలా చందా కట్టే పని లేదని దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ ఎంచుకున్నాను. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైనది ఇదే. నెలలో సగం రోజులు సెట్‌టాప్ పెట్టె తెరవని మనకు చందా కట్టడం దండగ. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. ప్రైవేటు తెలుగు ఛానళ్లు, కొత్త సినిమాలు కావాలంటే మాత్రం ఇది మీకు సరిపోదు, చందా కట్టే సర్వీసుకే వెళ్లండి. పెట్టె ఎంపెగ్-4 (బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి) రకం తీసుకోండి. పాత ఎంపెగ్-2 పెట్టెకు కొన్ని ఛానళ్లు అందవు.

మొదట కొన్నది 45 సెంటీమీటర్ల చిన్న డిష్, అడుగున అయస్కాంతం ఉన్న స్టాండు. క్యాబిన్ పైన గట్టిగా అతుక్కుంటుందని దుకాణం వాళ్లు చెప్పారు. అతుక్కుంది కూడా. అయితే లారీ నిలబడి ఉన్నా కదులుతూనే ఉంటుందన్న సంగతి అక్కడ తెలిసింది. క్లీనరు మెట్టు మీద కాలు పెడితే చాలు, కమాను కట్టలు కొంచెం కుంగి బొమ్మ ముక్కలయ్యేది. పక్కనుంచి పెద్ద ట్రైలరు వెళ్లినా అంతే. ఒడిశాలో ఒక రాత్రి ఈదురుగాలికి డిష్ ఊడి కింద పడి ఎల్‌ఎన్‌బి (డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) పట్టుకునే చెయ్యి విరిగింది. ఎవరి నెత్తినా పడలేదు, అదే పదివేలు.

చిన్న డిష్‌తో ఇంకో తంటా వాన. 60 సెంటీమీటర్ల డిష్ పట్టే సిగ్నల్లో 45ది సగం కంటే కొద్దిగా ఎక్కువ మాత్రమే పడుతుంది, విస్తీర్ణం లెక్క అంతే మరి. ఎండ రోజున రెండింటికీ తేడా కనిపించదు. బెంగాల్లో ఆషాఢం మబ్బు పట్టినప్పుడు తెలుస్తుంది. అందుకే నా మాట ఒక్కటే: డిష్ 60 కంటే తగ్గించకండి, మిగిలిన డబ్బంతా స్టాండు మీద పెట్టండి. దుకాణానికి వెళితే అందరూ పెట్టె గురించి, టీవీ గురించి అడుగుతారు, స్టాండును ఎవరూ ఊపి చూడరు. ఊపి చూడండి. నట్టు బిగించిన తర్వాత అంచు పట్టుకుని నొక్కితే ఒక వేలెడు కదిలినా వద్దు.

ఇప్పుడు వాడుతున్నది మూడు కాళ్ల ఇనుప స్టాండు. లారీ మీద కాకుండా నేల మీద పెడతాను. నడుమ కొక్కేనికి ఇరవై లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీస్తాను. ఇరవై కిలోల బరువు, పైగా విడిగా మోయాల్సిన వస్తువు కాదు. డిష్ ఊగులాటకు ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు.

దిక్కు పట్టడం చాలామందిని భయపెడుతుంది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు సరిగ్గా పైన నిలిచి ఉంటుంది. ఆకివీడు నుంచి చూస్తే అది ఆగ్నేయం, ఇంట్లో వంటగది పెట్టుకునే మూల. ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే 143 డిగ్రీలు. హౌరా చేరేసరికి 167, గువాహటిలో 176, అంటే దాదాపు నేరుగా దక్షిణం. డిష్‌ను పైకి ఎత్తే కోణం మాత్రం అంతగా మారదు. ఆకివీడులో 66 డిగ్రీలు, హౌరాలో 63, గువాహటిలో 59. కాబట్టి ఊరు మారినప్పుడు పైకీ కిందికీ కొన్ని డిగ్రీలు సరిచేసుకుంటే చాలు, ఎక్కువ పని పక్కలకు తిప్పడమే. ఇంకొకటి ఉంది, దీన్నే అందరూ మరిచిపోతారు: ఎల్‌ఎన్‌బిని దాని పట్టులో కొంచెం మెలితిప్పాలి. మన దగ్గర ఆ మెలిక 35 డిగ్రీల దాకా ఉంటుంది, హౌరాలో 12, గువాహటిలో నాలుగైదు మించదు. ఇంటి దగ్గర కుదిరినట్టే ఉంచి అస్సాంలో గంటసేపు డిష్ తిప్పినా బొమ్మ రాకపోవడానికి సగం కారణం ఇదే. మా అమ్మాయి గోళ్ల రంగు తెచ్చి ఎల్‌ఎన్‌బి మెడ మీద మూడు గీతలు పెట్టాను. ఎరుపు ఆకివీడు, గులాబీ హౌరా, తెలుపు గువాహటి. ఎండకూ వానకూ ఆ గీతలు చెరగలేదు.

దిక్సూచి చూసేటప్పుడు లారీకి పది అడుగుల దూరం వెళ్లి చూడండి. అంత ఇనుము పక్కన ముల్లు నిజం చెప్పదు. డిష్‌ను మన లారీకి దక్షిణం, ఆగ్నేయం వైపున పెట్టుకుంటే మన బండే అడ్డం రాదు.

పెట్టెలో రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా ఉంటే సరైన ఉపగ్రహం ఇంకా దొరకలేదని అర్థం, చాలాసార్లు పక్క ఉపగ్రహాన్ని పట్టుకుని ఉంటారు. 95 డిగ్రీల దగ్గర ఒకటి, 91.5 దగ్గర ఇంకొకటి ఉన్నాయి, చెయ్యి రవ్వంత జరిగితే వాటి మీదికి పోతుంది. డిష్ అంచు పట్టుకుని గోరంత చొప్పున జరిపి, ప్రతిసారీ అయిదు సెకన్లు ఆగాలి. తొందరపడేవాళ్లు సరైన చోటును దాటిపోతారు. మొదట్లో నాకు ముప్పావు గంట పట్టేది. ఇప్పుడు పది నిమిషాలలోపే మా బావమరిది క్యాబిన్ నుంచి "బావా, బొమ్మ వచ్చింది" అని కేక వేస్తాడు.

కరెంటు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరసగా కలిపి 24 చేస్తారు. పెట్టెకూ చిన్న టీవీకీ కావలసింది 12. ఒక మెకానిక్ సులువుగా ఉంటుందని ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగి ఇచ్చాడు. ఛార్జింగు రెండింటికీ సమానంగానే వెళుతుంది, వాడకం ఒక్కదాని మీదే పడుతుంది. ఎనిమిది నెలల్లో ఆ బ్యాటరీ చచ్చింది, సిలిగురిలో స్టార్టు కాక ఒక లోడు పోయింది. 24 నుంచి 12కు దించే కన్వర్టరు కొనుక్కుని రెండు బ్యాటరీల మీద కలిపి పెట్టించుకోండి. ఆ తర్వాత నాకు ఆ ఇబ్బంది లేదు.

తలుపు సందులోంచి కేబుల్ లాగితే నలిగిపోతుంది. కిటికీ సందుల కోసం పట్టీలాంటి పలుచని కేబుల్ ముక్క దొరుకుతుంది, అది వాడండి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, కిటికీలు మూసే ఉంచాలి కాబట్టి కొత్త బండ్ల వాళ్లకు ఇది మరీ అవసరం.

తానే ఉపగ్రహాన్ని వెతుక్కునే ఆటోమేటిక్ యాంటెన్నాల గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో వైన్‌గార్డ్, కింగ్ వంటి కంపెనీల గుమ్మటం ఆకారపు యాంటెన్నాలను అక్కడి లారీ డ్రైవర్లు వాడతారు. అవి అక్కడి సర్వీసుల ఉపగ్రహాలను వెతకడానికి తయారైనవి. బంధువులు తెస్తామన్నా తెప్పించుకోకండి. ఇక్కడ నేను ధర అడిగినవన్నీ లక్ష దాటాయి. నా డిష్, స్టాండు, పెట్టె, కన్వర్టరు కలిపి ఆరు వేలు కాలేదు.

2024 జూన్ 29 రాత్రి హౌరా దగ్గర పార్కింగులో ఉన్నాం. టీ20 ప్రపంచకప్ ఫైనల్. భారత జట్టు ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లను దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చేసిన చట్టం ఉంది కాబట్టి డీడీ స్పోర్ట్స్‌లో వస్తుందని తెలుసు. టీవీని తలుపు దగ్గర బయటకు తిప్పి పెట్టాం. మనవాళ్లు, బెంగాలీలు, బీహారీలు కలిపి ముప్పై మంది దాకా చేరారు. మధ్యలో వాన కుమ్మరించి పది నిమిషాలు బొమ్మ గడ్డకట్టింది. నేను తడుస్తూ డిష్ దగ్గర నిలబడ్డాను కానీ చెయ్యి పెట్టలేదు. వాన తగ్గితే అదే వస్తుందని, కదిపితే మాత్రం అంతా పోతుందని నాకు తెలుసు. వచ్చింది. చివరి ఓవర్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ గీత దగ్గర పట్టినప్పుడు ఆ పార్కింగంతా ఒక్కసారి లేచింది. ఏడు పరుగులతో గెలిచాం.

తెరను డ్రైవరు కంటికి ఎదురుగా ఎప్పుడూ బిగించకండి. మాది పడక వైపు తిప్పి ఉంటుంది, బండి కదిలే ముందు తీగ పీకేస్తాం. డిష్ విప్పడం, నీళ్ల క్యాను ఎక్కించడం క్లీనరు పని, తాళం తిప్పే ముందు ఒకసారి చుట్టూ చూడడం నా పని.

ఈ అయిదేళ్లలో ఎల్‌ఎన్‌బి మూత ఎండకు పగిలి ఒకసారి మార్చాను, కేబుల్ చివర కనెక్టర్లు తుప్పు పట్టి ఏటా మారుస్తున్నాను. డిష్ అంచున రంగు లేచి రెండు చోట్ల తుప్పు కనిపిస్తోంది, ఈ వానలకు ముందు గీకి రంగు వేయాలి. స్టాండు మాత్రం కొన్ననాటిలాగే ఉంది.